గోలు వెనక గొంతులు

పోయిన నెలలో ముగ్గురు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చారు. ముగ్గురికీ కాలేజీల్లో కొత్తగా ఫిజికల్ డైరెక్టరు ఉద్యోగాలు వచ్చాయి. "పీడీగా అన్నేళ్ళు చేశారు కదండీ, మాకేమైనా చెప్పండి" అన్నారు. కాఫీ తాగినంతసేపూ నేను చెప్పింది విజిలు ఎప్పుడు ఊదాలో, సున్నం గీతలు ఎలా గీయించాలో. వాళ్ళు వెళ్ళిపోయాక కూర్చోబుద్ధి కాలేదు. చెప్పాల్సింది చెప్పకుండా పంపించేశాననిపించింది. వీధి చివరిదాకా నడిచొచ్చాను. మళ్ళీ నడిచాను. మా ఆవిడ "చెప్పులరిగిపోతాయి గానీ ఆ డైరీలు తీసి రాసెయ్యండి" అంది. అందుకే ఇది.

ఉద్యోగంలో పైకి వెళ్ళిన సంగతులూ, ఫైళ్ళ సంగతులూ ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నది లేదు, మీరు నేర్చుకునేదీ ఉండదు.

పని అంటే ఏమిటి

మా కాలేజీ పాలకొల్లుకి దగ్గర్లో ఉంది. కాలేజీ మైదానానికి ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క కాలువ. వానాకాలంలో కాలువకీ మైదానానికీ తేడా తెలియదు. పీడీ పనిలో సగం ఆట నేర్పడం అనుకుంటారు. కాదు. సగం నీళ్ళు తోడించడం. రైసు మిల్లుకి వెళ్ళి ఊక అడగడం, ఆ ఊక తడి మీద చల్లించడం, గేదెల్ని తోలించడం, ఇదంతా అయ్యాక మిగిలిన పొద్దులో ఆట.

కాలేజీ మైదానం మీదే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఆడేది. దాన్ని వశిష్ఠ జట్టు అనేవారు. పీడీనే క్లబ్బు కార్యదర్శి కూడా కావడం మొదటినుంచీ ఆచారం. ఆ లెక్కన నాకు ఇద్దరు పై అధికారులు. కాలేజీలో ప్రిన్సిపాలుగారు, క్లబ్బులో అధ్యక్షులు జానకిరామరాజుగారు. ప్రిన్సిపాళ్ళు మారారు. రాజుగారు మారలేదు.

నేను ప్రతి మ్యాచికీ డైరీలో గడులు గీసి పెట్టుకునేవాణ్ణి. స్కోరు, ఎండా వానా, మైదానం స్థితి, దెబ్బలు, చివరి గడి ప్రేక్షకుల క్రమశిక్షణ. ఆ చివరి గడిలో 'బాగుంది', 'ఫరవాలేదు', 'బాగులేదు' అని మూడు మాటల్లో ఒకటి రాసేవాణ్ణి. ఆ గడి అంటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు దాన్ని చూస్తే చెయ్యి ఆగదు, పేజీ తిప్పేస్తాను.

రాజుగారు

ఆయన గురించి నిజం రాయాలి. భీమవరం వైపు చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ ఉన్న మనిషి. ఒక్క మ్యాచి మానలేదు. ఓడిన రోజు కుర్రాళ్ళని ఒక్క మాట అనలేదు. ఆటగాడికి కాలు విరిగితే తన కారులో తనే ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఎక్స్‌రే వచ్చేదాకా వరండాలో నిలబడ్డ మనిషి. అయితే ఆయన దృష్టిలో ఆటగాడంటే వశిష్ఠ ఆటగాడే. జిల్లా జట్టుకో, రాష్ట్ర జట్టుకో మావాణ్ణి ఎవరైనా పిలిస్తే ఆయన మొహం మబ్బు పట్టినట్టయ్యేది.

"మన చెరువులో పెంచిన చేప పక్క చెరువులోకి ఎందుకు దూకాలండీ మేస్టారూ?" అనేవారు.

"చేప కాదండీ, మనిషండి."

"మనిషైతే మరీ విశ్వాసం ఉండాలండీ."

ఇలాంటి పెద్దమనిషి మీకూ ఒకరు తగులుతారు. ఆయన చెడ్డవాడై ఉంటే మీకు సులువుగా ఉండేది. ఆయన మంచివాడు కాబట్టే ఆయనకి నచ్చే పని చేసి, అది న్యాయమని మీరే నమ్మేస్తారు. నేను నమ్మేశాను.

దరి, లోతు

మా గోలు వలలు ఎప్పుడూ బజార్లో కొన్నవి కావు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న పాలెంలో జాలరులు అల్లి ఇచ్చేవారు. ఏడాదికొకసారి, ఆటలు మొదలయ్యే ముందు, కొత్త వల తెచ్చి వాళ్ళే కట్టేవారు. వల కట్టినవాళ్ళు వల వెనకే నిలబడాలని వాళ్ళ పట్టు. కుర్చీలు వేసినా కూర్చునేవారు కాదు. రెండు వైపులా గోలు వెనక చిన్న గట్టుంటే దాని మీద వరసగా నిలబడేవారు.

అందరికన్నా ముందు సూరమ్మ. చేపలమ్ముకునే మనిషి. పొద్దున్న బజార్లో బేరం ముగించుకుని, ఖాళీ బుట్టతో నేరుగా మైదానానికి వచ్చేది. ఆ బుట్ట బోర్లించి దానిమీద ఒక కాలు పెట్టి నిలబడేది. రిఫరీలు ఆవిడ నోటికి భయపడేవారు. ఒకసారి రాజమండ్రి నుంచి వచ్చిన రిఫరీ మాకు అన్యాయంగా పెనాల్టీ ఇస్తే, "ఏమండోయ్ బాబూ, మా ఊళ్ళో కళ్ళ డాక్టరు ఆదివారం కూడా చూస్తాడండోయ్" అని అరిచింది. ఆయన కూడా నవ్వాపుకోలేకపోయాడు.

పాలెం మనుషులు కేకలు వేసే పద్ధతి వేరు. పడవ సముద్రం నుంచి మొగలోకి వచ్చేటప్పుడు, వెనకనుంచి లేచే కెరటం పడవలోవాళ్ళకి కనపడదు. ఒడ్డున నిలబడ్డవాళ్ళకి కనపడుతుంది. వాళ్ళు "దరి!" అంటే పడవని ఒడ్డు వైపు తిప్పాలి, "లోతు!" అంటే నీళ్ళ వైపు తిప్పాలి. ఆ రెండు మాటలే వాళ్ళు మైదానంలోకి తెచ్చుకున్నారు. రోడ్డు వైపు దరి. కాలువ వైపు లోతు. మా గోల్‌కీపరుకి అడ్డంగా మనుషులు నిలబడి బంతి కనపడనప్పుడు, గట్టు మీదనుంచి వీళ్ళకి కనపడేది. "లోతు!" అని అరిస్తే వాడు కాలువ వైపు దూకేవాడు.

కుడి, ఎడమ అనొచ్చు కదా అని నేనొకసారి అడిగాను. సూరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సగం ఆటకి గోలు మారితే మీ కుడి ఎడమ అయిపోదాండీ? కాలువ ఎక్కడికి పోద్ది?" అంది.

నిజమే. సగం ఆట అయ్యాక పాలెం మొత్తం, బుట్టలతో సహా, ఈ గోలు వెనకనుంచి ఆ గోలు వెనక్కి నడిచి వెళ్ళడం ఒక ఊరేగింపులా ఉండేది.

మా గోల్‌కీపరు కూడా పాలెం వాడే. పేరు ఏడుకొండలు. సూరమ్మకి స్వయానా మేనల్లుడు. మా కాలేజీలో డిగ్రీ చదివేవాడు. తడి వల లాగి లాగి వచ్చిన చేతులు. బంతి ఆ చేతుల్లో పడితే జారేది కాదు. నాలుగేళ్ళు వాణ్ణి తయారు చేశాను. వెనక గొంతులు లేకుండా కూడా ఆడటం నేర్పాలని మాత్రం నాకు తట్టలేదు. ఇది నా మొదటి తప్పు. రెండోది దీనికన్నా పెద్దది.

కాగితం

ఆ ఏడాది సెలవుల్లో రాష్ట్ర జట్టు శిక్షణ మా కాలేజీ హాస్టల్లో పెట్టారు. ఏడుకొండలు అందులోకి ఎంపికయ్యాడు. శిక్షణ చివర్లో, భారత జట్టు కుర్రాళ్ళ క్యాంపుకి మనుషుల్ని ఎంచడానికి ఒక సెలక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చూసేందుకు రాష్ట్ర జట్టు ఎవరితోనైనా ఒక మ్యాచి ఆడాలి. దగ్గర్లో ఉన్న గట్టి జట్టు మాదే. అంటే, వశిష్ఠ జట్టు మీద, వశిష్ఠ మైదానంలో, అవతలి గోల్లో ఏడుకొండలు.

అదేరోజు సాయంత్రానికి ఊళ్ళో తగువు మొదలైంది. కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నేను చెవులారా విన్నాను.

"మనోడు కొడితే చప్పట్లు కొట్టాలా, మనోడు ఆపితే కొట్టాలా?"

"కొట్టేవాడే మనోడు. ఆపేవాడు ఆ రోజుకి పరాయోడు."

"పరాయోడేంట్రా? నీ ఇంట్లో వలకి దారం ఎక్కించింది వాడి నాన్న కాదా?"

సూరమ్మ అప్పుడే బుట్ట దింపుతోంది. "రెండిటికీ కొట్టేస్తే ఏం పోయింది?" అంది.

"ఒకే పిల్లకి ఇద్దరి దగ్గరా తాంబూలాలు పుచ్చుకున్నట్టుంటాది అత్తా" అన్నాడు కొట్టువాడు. అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మర్నాటికి ఇద్దరు కుర్రాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు.

నేను పద్ధతి మనిషిని. తగువు వస్తే నియమం రాయడం నాకు తెలిసిన మందు. తెల్ల కాగితం మీద నాలుగు నియమాలు రాసి గేటుకి అంటించాను. మూడోది ఇది: 'ప్రేక్షకులు ఏ జట్టు పక్షానా కేకలు వేయరాదు.' రాజుగారు చదివి, "బాగుందండీ, ఎవరికీ అన్యాయం లేదు" అన్నారు. ఆయన ఏదైనా అంత తొందరగా ఒప్పుకున్నప్పుడు ఆగి ఆలోచించాలని అప్పటికి నాకు తెలియదు.

మ్యాచికి ముందురోజు ఏడుకొండలు నా గదికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేస్టారూ, రేపు మావాళ్ళు అరవరాండీ?"

"అరవరు. నేను చూసుకుంటాను. నువ్వు నీ ఆట మీద మనసు పెట్టు."

"నాక్కూడా అరవరాండీ?"

"ఎవరికీ అరవరు. అదే న్యాయం."

"సరేనండి" అన్నాడు. మా వైపు 'సరేనండి'కి పది అర్థాలుంటాయి. నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. ఆ రోజు ఒక్క అర్థమే తీసుకున్నాను.

మూడు గోల్స్

మైదానం నిండిపోయింది. పాలెం మనుషులు అలవాటు ప్రకారం ఏడుకొండలున్న గోలు వెనకే నిలబడ్డారు. సూరమ్మ బుట్ట బోర్లించింది. ఆట మొదలైంది. అంతమంది జనం ఉన్నచోట కాలువ అవతల రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే మోటారు చప్పుడు వినపడటం నాకు అదే మొదటిసారి.

పది నిమిషాలకి మావాడు ఒకడు మనుషుల మధ్యనుంచి కాలువ వైపు కొట్టాడు. ఏడుకొండలు రోడ్డు వైపు దూకాడు. గోలు. చప్పట్లు లేవు, కేకలు లేవు. ఏడుకొండలు లేచి, మట్టి దులుపుకుని, వెనక్కి తిరిగి గట్టు వైపు చూశాడు.

రెండో గోలు అయ్యాక మళ్ళీ చూశాడు. సగం ఆట అయ్యాక పాలెం మొత్తం మాట్లాడకుండా గట్టు దిగి, ఈ గోలు వెనకనుంచి ఆ గోలు వెనక్కి నడిచింది. ఊరేగింపులా లేదు అది. మూడో గోలు వాడి కాళ్ళ మధ్యనుంచి పోయింది. వల కదిలిన చప్పుడు నాకు వినపడింది.

సెలక్టరుగారు నెమ్మదస్తుడు. పుస్తకంలో ఏదో రాసుకుంటూ నన్నడిగారు. "చేతులు బాగున్నాయి. ఈ కుర్రవాడు మాటిమాటికీ వెనక్కి ఎందుకు చూస్తాడు?"

జవాబు నా నోట్లో ఉంది. 'అయ్యా, రేపొక్కపూట ఉండండి, జనాన్ని మామూలుగా అరవనిచ్చి ఇంకో ఆట చూపిస్తాను' అంటే చాలు. ఆయన రైలు మర్నాడు సాయంత్రానికి గానీ లేదు. ఉండేవారు. నేను అనలేదు. "కొంచెం బెదురుతాడండి" అన్నాను.

ఎందుకలా అన్నాను? మూడు వారాల్లో మా క్లబ్బు ఫైనలు ఉంది, వాడు క్యాంపుకి వెళితే మాకు కీపరు ఉండడు. ఆ సంగతి ఆ క్షణంలో నా మనసులో ఉందా లేదా అంటే, ఉంది. ఎంత ఉందో ఇన్నేళ్ళుగా తూస్తున్నాను, తేలడం లేదు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది. 'వశిష్ఠ 3, రాష్ట్రం 0. ఎండ. మైదానం పొడి. దెబ్బలు లేవు. ప్రేక్షకుల క్రమశిక్షణ: బాగుంది.'

ఏడుకొండలికి క్యాంపు నుంచి పిలుపు రాలేదు. ఫైనల్లో పాలెం గొంతులు చించుకుంది, వాడు గోడలా నిలబడ్డాడు, మేం గెలిచాం. వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. కింద నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. వాడు పైనుంచి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుకి కూడా పది అర్థాలుంటాయి.

ఇప్పటి చొక్కాలు

మధ్యలో ఇంకో సంగతి. మీరు చేరబోయే కాలేజీల్లో సగం మంది పిల్లలు విదేశీ క్లబ్బుల చొక్కాలు వేసుకుని వస్తారు. ప్రపంచ కప్పు వస్తే మా ఊళ్ళో అర్జెంటీనాకి ఒక ఫ్లెక్సీ, బ్రెజిల్‌కి ఒక ఫ్లెక్సీ లేస్తాయి. రెండు ఫ్లెక్సీలవాళ్ళూ మాట్లాడుకోరు. భారత జట్టు ఆడే రోజున టీవీ పెట్టమంటే, "మనోళ్ళు ఓడిపోతారు కదండీ మేస్టారూ" అంటారు.

వాళ్ళని తిట్టకండి. నేను చాలాకాలం తిట్టాను. మనిషి తన గొంతు వినపడే జట్టు పక్కన నిలబడతాడని ఒకప్పుడు సిద్ధాంతం చెప్పేవాణ్ణి. అదీ నిలవదు. ఇంగ్లాండులో ఆడేవాడికి మా టీ కొట్టు గొంతు ఎక్కడ వినపడుతుంది? అయినా అరుస్తున్నారు. కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది తక్కువని ఒప్పేసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం తెలుసు. ఎవరి పక్షం అరవాలో తెలియని జనానికి నోరు మూసుకోమని నియమం రాయకూడదు.

సూరమ్మ చెప్పిన మాట

నేను రిటైరయ్యాను. ఏడుకొండలు భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేస్తూ, సాయంత్రాలు మా క్లబ్బుకి కోచిగా వస్తున్నాడు. ఈమధ్యే క్లబ్బులో అమ్మాయిల జట్టు పెట్టాడు. దాని గోల్‌కీపరు దుర్గ. సూరమ్మ కొడుకు కూతురు.

పోయిన శీతాకాలంలో కథ మళ్ళీ వచ్చి నా గుమ్మం ముందే నిలబడింది. రాష్ట్ర అమ్మాయిల జట్టు శిక్షణ మా కాలేజీలోనే. దుర్గ అందులో ఉంది. క్యాంపుకి ఎంచడానికి ఒక మేడమ్ వస్తున్నారు. ఆడాల్సింది మా క్లబ్బు అమ్మాయిలతోనే. ఊళ్ళో మళ్ళీ అదే తగువు.

కొత్త కార్యదర్శి, నా తర్వాత వచ్చిన పీడీ, స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. "మీరప్పుడు రాసిన నియమాల కాగితం ఉందటండి. రాజుగారు చెప్పారు. కాపీ ఇస్తే గేటుకి అంటిస్తానండి" అన్నాడు.

కాగితం ఉంది. ఆ ఏడాది డైరీలో మడత పెట్టి ఉంది. నా దగ్గర లేని కాగితం ఏముంటుంది? "వెతికి చెబుతాను" అని పంపించేసి, బస్సెక్కి పాలెం వెళ్ళాను.

సూరమ్మ ఇంటి ముందు కూర్చుని మెత్తళ్ళు ఎండబోస్తోంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి పీట వాల్చింది.

"ఏంటండీ మేస్టారూ, ఎండలో పడి వచ్చారు?"

నేను తిన్నగా విషయంలోకి వెళ్ళాను. ఆ రోజు కాగితం అంటించి తప్పు చేశాననీ, నా మాట విని మీరందరూ నోరు మూసుకోవడం వల్ల ఏడుకొండలికి అన్యాయం జరిగిందనీ చెప్పాను. అన్నేళ్ళు మోసిన మాట.

ఆవిడ చేపలు పరచడం ఆపలేదు. "మీ కాగితం ఎవడు చదివాడండీ?" అంది. "నాకు చదువు రాదు. గట్టు మీదున్నోళ్ళలో సగం మందికి రాదు. రిఫరీ విజిలేస్తేనే మేం ఆగలేదు, కాగితానికి ఆగుతామా?"

"మరెందుకు అరవలేదు?"

ఒక కాకి వచ్చి వాలితే కర్రతో అదిలించింది.

"అరిస్తే వాడు వెళ్ళిపోతాడని."

నేను పీట ముందుకి జరుపుకున్నాను.

"ఎవరూ ఎవరితోనూ అనుకోలేదండీ. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మీ కాగితం ఉందిలే అని అందరం దాని చాటున నిలబడ్డాం. వాడు మొదటిసారి వెనక్కి తిరిగినప్పుడు 'లోతు' అన్న మాట ఇక్కడిదాకా వచ్చింది." గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "మింగేశాను. వాడు నా కళ్ళల్లోకి చూశాడు. నేను కళ్ళు దించేసుకున్నాను."

"దుర్గ సంగతేంటమ్మా మరి?"

"దుర్గ వెళ్ళిపోతే నా దగ్గరెవరుంటారండీ?" అని, వెంటనే తనే నవ్వింది. "చూద్దాం లెండి."

తిరుగు బస్సులో నాకు తేలికగా ఉండాల్సింది. లేదు. ఆ కాగితం వాళ్ళ నోరు కట్టలేదు, నిజమే. కానీ వాళ్ళు దాక్కోవడానికి ఒక గోడ కట్టింది. కట్టింది నేనే. ఆ గోడకి ఇవతల నేనూ దాక్కున్నాను. కొత్త కార్యదర్శికి ఫోన్ చేసి, కాగితం దొరకలేదని చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో ఒక కాగితం గురించి అబద్ధం చెప్పడం అదొక్కసారే.

గట్టు మీద నేను

మ్యాచి రోజు అరగంట ముందే వెళ్ళాను. ఏడుకొండలు గీత దగ్గర మా అమ్మాయిలకి ఏదో చెబుతున్నాడు. పక్కకి పిలిచి, సూరమ్మ చెప్పింది చెప్పాను.

"తెలుసండి" అన్నాడు. "అత్త కళ్ళు దించుకున్నప్పుడే తెలిసిందండి."

"నీకు కేకలు లేకుండా ఆడటం నేర్పకపోవడం నా తప్పురా."

"నేను కేకల కోసం వెనక్కి చూశాననుకున్నారాండీ? ఉన్నారా లేరా అని చూశానండి."

మా అమ్మాయిల వైపు చూసి, "దుర్గకి లోతు వైపు కొంచెం తడబాటుందండి. మనవాళ్ళకి ఆ సంగతి చెప్పేశాను. అటే కొట్టమన్నాను" అన్నాడు.

"నువ్వే చెప్పావా?"

"చెప్పకపోతే అది పరీక్ష ఎలాగవుద్దండీ?"

నేను కుర్చీల వైపు వెళ్ళలేదు. గోలు వెనక్కి వెళ్ళి, గట్టెక్కి, సూరమ్మ పక్కన నిలబడ్డాను. అన్నేళ్ళలో నేను ఆ గట్టెక్కడం అదే మొదలు. ఆవిడ బుట్ట కొంచెం పక్కకి జరిపింది. కుర్చీలో కూర్చున్న రాజుగారు, ఇప్పుడు చేతికర్ర లేకుండా లేవలేరు, నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు.

ఆట మొదలైంది. గట్టు మీద ఎవరూ మాట్లాడటం లేదు. అదే చెరువు మోటారు చప్పుడు. సూరమ్మ పెదవులు బిగించుకుని ఉంది. దుర్గ ఒక బంతి ఆపింది, ఎవరూ కిక్కురుమనలేదు. ఆ పిల్ల లేచి, జడ వెనక్కి విసురుకుని, గట్టు వైపు తిరిగి చూసింది.

అదే చూపు.

అంతలో మా జట్టు అమ్మాయి ఒకతి గుంపు చాటునుంచి బంతిని అందుకుంది. నాకు గట్టు మీదనుంచి స్పష్టంగా కనపడింది, కాలు ఎటు తిరుగుతోందో. నేను అరిచేశాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"దరి!"

తప్పు. బంతి కాలువ వైపు వెళుతోంది. జీవితమంతా విజిలు ఊదిన మనిషిని, ఆ రెండు మాటల్లో ఏది ఎటో నోటికి అలవాటు లేదు. దుర్గ నా గొంతు నమ్మి రోడ్డు వైపు దూకింది. బంతి వలలో పడింది.

సూరమ్మ నా వైపు తిరిగింది. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను.

"లోతయ్యా బాబూ, అది లోతు! కాలువ కనపడటం లేదా మీకు? నోరు ముయ్యండి మేస్టారూ!" అని, నన్ను భుజంతో పక్కకి నెట్టి, బుట్ట మీదకెక్కి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "దుర్గా! నేనున్నానే! మేస్టారి మాట వినకు, నా మాట విను!" అని కేక పెట్టింది.

దుర్గ నవ్వింది. గోలు పడ్డ గోల్‌కీపరు నవ్వడం ఆ రోజే చూశాను.

ఆ తర్వాత పాలెం గొంతు విడిచింది. దరి, లోతు, దరి, దరి. కాలువ వైపు కొట్టిన నాలుగు బంతులు కాలువ వైపే ఆపింది. మావాళ్ళు కొడితే కూడా చప్పట్లు కొట్టారు, దుర్గ ఆపితే ఇంకా కొట్టారు. తాంబూలాలు ఇద్దరి దగ్గరా పుచ్చుకున్నారు. సగం ఆటకి ఊరేగింపు నడిచింది, ఈసారి నేనూ నడిచాను. సూరమ్మ బుట్ట నా చేతికిచ్చి, "ఇది మోయండి, అరవకండి" అంది. చివరికి రాష్ట్రం రెండు, వశిష్ఠ ఒకటి. ఆ ఒకటీ నేను ఇచ్చింది.

మేడమ్ వెళ్ళేముందు నన్నేమీ అడగలేదు. నేనే వెళ్ళి, ఆ ఒక్క గోలు ఆ పిల్ల తప్పు కాదనీ, నాదనీ చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూశారు గానీ రాసుకున్నారు.

దుర్గకి పిలుపు వచ్చింది. వెళ్ళింది. పదిహేను రోజులకి మా అమ్మాయిలు ఫైనలు ఆడారు, రెండో కీపరుతో. మూడు గోల్స్ పడ్డాయి, ఓడిపోయారు. రాజుగారు గేటు దగ్గర కర్ర మీద ఆనుకుని, "మీరందరూ కలిసి నా జట్టుని ముంచారండీ మేస్టారూ" అన్నారు. కోపంగా కాదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన పక్కనే కారుదాకా నడిచాను.

సూరమ్మ ఫైనలుకీ వచ్చింది. కొత్త పిల్లది పాలెం కాదు, దానికి దరీ తెలియదు, లోతూ తెలియదు. అయినా ఆట అయిపోయేదాకా అరుస్తూనే ఉంది. దుర్గ క్యాంపులో ఎలా ఉందని అడిగితే, "బెంచీ మీద కూర్చోబెట్టారంటండి" అంది. "అక్కడ గోలు వెనక ఎవరుంటారో ఏంటో."

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ నడిపిస్తోంది, వీధి చివరిదాకా, మళ్ళీ వెనక్కి.

రేపు మీరూ ఏదో ఒక మైదానంలో డైరీలో గడులు గీసుకుంటారు. గీసుకోండి, మంచి అలవాటే. దుర్గ ఆట చూసొచ్చిన రోజు నా గడుల్లో ఏం రాశానో చెప్పి ఆపుతాను.

'రాష్ట్రం 2, వశిష్ఠ 1. లేత ఎండ. మైదానం పొడి. దెబ్బలు: నా భుజానికి, సూరమ్మ చేత. ప్రేక్షకుల క్రమశిక్షణ: లేదు. నాతో సహా.'